ఎందులో సమానం?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం వాళ్లు ఫోన్ చేసి, "మాస్టారూ, మీరు ముప్ఫై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పారు. మన స్వర్ణోత్సవానికి వచ్చి ఓ ఇరవై నిమిషాలు మాట్లాడాలి. లెక్కలు మాత్రం వద్దండీ, భోజనాల ముందు కార్యక్రమం" అన్నారు. సరేనన్నాను. తర్వాత ఆలోచిస్తే, లెక్కలు తీసేస్తే నా దగ్గర చెప్పడానికి ఏమీ మిగల్లేదు. అందుకని ఒక రాజీ చేసుకున్నాను. ఒకే ఒక్క మాట గురించి మాట్లాడతాను. ఆ మాట "సమానం". మనం తొమ్మిదో తరగతిలో నేర్చుకుని, బడి దాటగానే మరిచిపోయిన ఇంకో మాట దాని పక్కనే ఉంది. అది "సర్వసమానం". ఈ రెండింటికీ ఉన్న తేడా వల్ల మా ఇంట్లో ఒక తగాదా వచ్చింది, ఆ తేడా తెలియడం వల్లే అది తీరింది. ఆ తేడా సరిగ్గా చెప్పలేక నేను ఒక పిల్లకు బాకీ పడ్డాను. ముందు బాకీ సంగతి చెబుతాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, వేరే ఊళ్లో, తొమ్మిదో తరగతి అర్ధ సంవత్సర పరీక్షలో ఒక ప్రశ్న ఇచ్చాను. సమాంతర చతుర్భుజాన్ని దాని కర్ణం రెండు సర్వసమాన త్రిభుజాలుగా విభజిస్తుందని నిరూపించమని. ఒక అమ్మాయి చక్కగా బొమ్మ గీసింది. ఎదుటి భుజాలు సమానమంది, కర్ణం రెండు త్రిభుజాలకూ ఉమ్మడి భుజమంది, భుజం భుజం భుజం నియమం రాసింది. అంతా అయ్యాక చివరి వరసలో ≅ గుర్తు పెట్టాల్సిన చోట = గుర్తు పెట్టింది. నేను ఎర్ర సిరాతో కొట్టేసి రెండు మార్కులు తీసేశాను.

ఆ అమ్మాయి పేపరు పట్టుకుని స్టాఫ్‌రూము గుమ్మం దగ్గరికి వచ్చింది. "మాస్టారూ, వైశాల్యాలు సమానం అన్నచోట ఈ గుర్తే కదండీ పెట్టాం. సర్వసమానమైతే వైశాల్యాలు కూడా సమానమేగా. మరి నేను రాసింది ఎట్లా తప్పవుతుందండీ?" అని అడిగింది. నేనేమన్నానో తెలుసా? "పుస్తకంలో అలా ఉందమ్మా, అలాగే రాయాలి" అన్నాను. ఆ పిల్ల తల వంచుకుని వెళ్లిపోయింది. మార్కులు తీసినందుకు కాదు, ఆ జవాబు ఇచ్చినందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ఎందుకంటే సరైన జవాబు నాకు మన బడిలో, తొమ్మిదో తరగతిలోనే ఒకరు చెప్పి ఉన్నారు. నేనే మరిచిపోయాను.

ఆ రోజు మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. మన లెక్కల మాస్టారు అట్టముక్క కోసి తయారుచేసిన సమాంతర చతుర్భుజం తెచ్చారు. ఒక మూల నుంచి ఎదుటి మూలకు గీత గీసి, "ఈ రెండు ముక్కలూ సర్వసమానమేనా?" అన్నారు. అందరం అవునన్నాం. ఆ గీత మీద అట్టను మడిచారు. ఒక ముక్క రెండో ముక్క మీద సరిగ్గా కూర్చోలేదు, అటో మూల ఇటో మూల బయటికి పొడుచుకొచ్చాయి. "కాదు మాస్టారూ, కాదు" అని అరిచాం. ఆయన నవ్వి, కత్తెరతో గీత వెంట కోసి, ఒక ముక్కను బల్ల మీద పెట్టి, రెండోదాన్ని సగం చుట్టు తిప్పి దాని మీద పెట్టారు. పూర్తిగా కప్పేసింది. అంచు అంచుకు, మూల మూలకు సరిపోయింది.

"ఒకదాని మీద ఒకటి పెడితే అచ్చంగా సరిపోవడం, అదీ సర్వసమానం. ఎలా పెట్టాలన్నది మీరు కనుక్కోవాలి. ఏ మూల ఏ మూల మీద పడుతుందో చెప్పకుండా సర్వసమానం అనకండి" అన్నారు. తర్వాత బోర్డు మీద ఆ మాటను రెండుగా విడదీసి రాశారు. సర్వ, సమానం. ఒకప్పటి ఇంగ్లీషు రేఖాగణిత పుస్తకాల్లో కూడా దీన్ని "అన్ని విధాలా సమానం" అనే రాసేవారు. మన తెలుగు మాట లోపలే ఆ నిర్వచనం ఉంది. అన్ని విధాలా సమానమైతే సర్వసమానం. అన్ని విధాలా కాకపోతే, ఏ విధంగా సమానమో చెప్పాలి.

అదే సంవత్సరం మా ఇంట్లో పంపకాలు జరిగాయి.

తాతయ్యకు రెండు చోట్ల చెరో ఎకరం మెట్ట ఉండేది. ఒకటి డొంక పక్కన సన్నగా, పొడుగ్గా ఉండేది. అడ్డం 66 అడుగులు, పొడుగు 660 అడుగులు. సర్వే గొలుసు లెక్కలో ఒక గొలుసు వెడల్పు, పది గొలుసుల పొడుగు. రెండోది దాదాపు చదరంగా ఉండేది. ఒక వైపు 198 అడుగులు, ఇంకో వైపు 220 అడుగులు. గుణించి చూడండి, రెండూ 43,560 చదరపు అడుగులే. అంటే ఎకరం, వంద సెంట్లు, 4,840 చదరపు గజాలు. ఒక్క సెంటు కూడా తేడా లేదు. చీట్లు వేశారు. పొడుగు ముక్క మా నాన్నకు, చదరం ముక్క మా బాబాయికి వచ్చాయి. కరణంగారు కాగితం మీద చెరో ఎకరం అని రాసి, "ఇంకేం, సమానంగా పంచుకున్నారు" అన్నారు.

మామిడి మొక్కలు పెట్టాలని ఇద్దరూ అనుకున్నారు. మేకలు, గొడ్లు రాకుండా ముందు చుట్టూ రాతి స్తంభాలు పాతి ముళ్లతీగ లాగాలి. పదకొండు అడుగులకో స్తంభం. బాబాయి చేనికి 76 స్తంభాలు పట్టాయి. మా నాన్న 76 తెప్పించి పాతడం మొదలుపెడితే సగం దాటి కొంచెం దూరం వెళ్లేసరికే అయిపోయాయి. లెక్క వేస్తే మొత్తం 132 కావాలి. పొడుగు ముక్క చుట్టుకొలత 1,452 అడుగులు, చదరం ముక్కది 836 అడుగులు. 56 స్తంభాలు ఎక్కువ. తీగ కూడా ఆ లెక్కనే ఎక్కువ. నాన్నకు కోపం వచ్చింది. "ఇదేం సమానం?" అన్నాడు. బాబాయికి ఆ మాట తగిలింది. "ఎకరానికి ఎకరం తీసుకున్నాం, చీటీ నేను తీశానా, నువ్వు తీశావా?" అన్నాడు. ఆ సంక్రాంతికి ఇద్దరూ ఒక పందిట్లో కూర్చోలేదు. నానమ్మ రెండు ఇళ్లకూ తిరుగుతూ ఏ ఇంట్లోనూ సరిగ్గా అన్నం తినలేదు.

నేను బడికి వచ్చి దిగులుగా కూర్చుంటే మాస్టారు సంగతి అడిగారు. చెప్పాను. ఆయన తీర్పు చెప్పలేదు. "మీ నాన్నా అబద్ధం చెప్పట్లేదు, మీ బాబాయీ అబద్ధం చెప్పట్లేదురా. ఒకరు వైశాల్యం గురించి మాట్లాడుతున్నారు, ఒకరు చుట్టుకొలత గురించి మాట్లాడుతున్నారు. ఇద్దరూ ఒకే మాట వాడుతున్నారు, అదీ గొడవ. ఎవరైనా సమానం అంటే ‘ఎందులో సమానం?’ అని అడుగు" అన్నారు.

ఆ సాయంత్రం బాబాయి నానమ్మను చూడ్డానికి మా ఇంటికి వచ్చాడు. నేను అరుగు మీద బొగ్గుతో రెండు ముక్కలూ గీశాను. పక్కన రెండు వరసలు రాశాను. వైశాల్యం: ఎకరం, ఎకరం. చుట్టుకొలత: 1,452, 836. స్తంభాలు: 132, 76. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి బాబాయి, "తేడా 56 అయితే అందులో సగం నాది. 28 స్తంభాలు నేను తెప్పిస్తాను" అన్నాడు. అప్పుడు లెక్క చూడండి. నాన్నకు 132లో 28 తగ్గి 104, బాబాయికి 76కు 28 కలిసి 104. చేలు సర్వసమానం కాలేదు. ఎప్పటికీ కావు. కానీ వైశాల్యంలో సమానంగా ఉన్నవి, ఖర్చులో కూడా సమానమయ్యాయి.

కథ అక్కడితో ఆగలేదు. మామిడికి 33 అడుగుల దూరం చొప్పున గుంటలు తీశారు. పొడుగు ముక్కలో వరసకు ఇరవై చొప్పున రెండు వరసలు, మొత్తం 40 చెట్లు సరిగ్గా పట్టాయి. చదరం ముక్కలో ఆరు వరసలు, వరసకు ఆరు, మొత్తం 36. ఇరవై రెండు అడుగుల వెడల్పున నేల మిగిలింది గానీ ఇంకో వరసకు చాలలేదు. బాబాయి నవ్వుతూ, "అన్నయ్యా, చెట్లలో నీకు నాలుగు ఎక్కువ, దాని మాటేమిటి?" అన్నాడు. నాన్న, "నా చెట్లన్నీ గట్టు మీదే ఉన్నాయిరా, కాయ సగం డొంకలో పోయేవాడి చేతికే పోతుంది" అన్నాడు. నిజమే, పొడుగు ముక్కలో నలభై చెట్లూ సరిహద్దు చెట్లే. చదరం ముక్కలో సరిహద్దున ఇరవై, లోపల పదహారు. అయినా కాపు మొదలయ్యాక నాన్న ఏటా ఒక బుట్ట చిన్నరసాలు బాబాయి ఇంటికి పంపేవాడు. ఇద్దరూ పోయారు. బుట్ట మాత్రం ఇప్పటికీ వెళ్తోంది.

ఇప్పుడు అసలు పాఠంలోకి వస్తాను. సంఘం కార్యదర్శిగారు గడియారం చూసుకుంటున్నారు, ఎక్కువసేపు తీసుకోను.

రెండు ఆకారాలు సర్వసమానమని తేల్చుకోవడానికి ఎన్ని కొలతలు చూడాలి? రేఖాఖండమైతే ఒక్కటే, పొడవు. రెండు రేఖాఖండాల పొడవు సమానమైతే ఒకదాని మీద ఒకటి అచ్చంగా కూర్చుంటాయి. కోణమైనా అంతే, ఒక్క కొలత. వృత్తానికి వ్యాసార్థం ఒక్కటి చాలు, చతురస్రానికి భుజం ఒక్కటి చాలు. అందుకే వీటి విషయంలో "సమానం" అన్నా "సర్వసమానం" అన్నా నష్టం లేదు. పాఠ్యపుస్తకాలు కూడా రెండు రేఖాఖండాల మధ్య = గుర్తే పెడతాయి. ఒకప్పటి ఏడో తరగతి ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకం ఆ సంగతి దాచకుండా చెప్పేది కూడా: సర్వసమానమనే అర్థంలోనే ఇక్కడ సమానం అంటున్నాం అని. పిల్లలకు గందరగోళం మొదలయ్యేది సరిగ్గా అక్కడే. ఒక కొలతతో తేలిపోయేచోట అలవాటైన మాటను, ఒక కొలతతో తేలని చోటికి కూడా మోసుకుపోతారు.

దీర్ఘచతురస్రానికి రెండు కొలతలు కావాలి. మా రెండు చేల కథంతా అదే. వైశాల్యం అనే ఒక్క సంఖ్య దీర్ఘచతురస్రం ఎలా ఉందో చెప్పలేదు. త్రిభుజానికి మూడు కావాలి. మామూలు చతుర్భుజానికైతే ఐదు కావాలి.

ఐదు ఎందుకని ఎవరికైనా సందేహం వస్తే, వదులైన నులక మంచాన్ని గుర్తు తెచ్చుకోండి. నాలుగు పట్టెల పొడవులూ మారవు. అయినా ఒక కోడు పట్టుకుని నెడితే మంచం పక్కకు వాలుతుంది. నాలుగు భుజాలూ అవే, ఆకారం వేరు, లోపలి వైశాల్యం కూడా తగ్గిపోతుంది. ఒక మూల నుంచి ఎదుటి మూలకు కర్ర బిగించండి. ఇంక కదలదు. ఆ కర్రే ఐదో కొలత. అది మంచాన్ని రెండు త్రిభుజాలుగా చేసింది. మూడు భుజాల పొడవులు తెలిస్తే త్రిభుజం ఒక్కటే, దానికి వాలే దారి లేదు. భుజం భుజం భుజం నియమానికి ఇంతకంటే మంచి రుజువు నేను తరగతిలో ఎప్పుడూ చూపించలేకపోయాను.

మన చేల సర్వే అంతా ఈ నియమం మీదే నడిచింది. మద్రాసు కాలం నుంచి వస్తున్న పద్ధతిలో ప్రతి సర్వే నంబరుకూ ఒక పటం ఉంటుంది. ఎఫ్.ఎం.బి. అంటారు, మీలో చాలామంది ఎమ్మార్వో ఆఫీసులో నకలు తీయించుకునే ఉంటారు. అందులో చేను చుట్టూ ఉన్న హద్దులతో పాటు, లోపల ఒక రాయి నుంచి ఇంకో రాయికి అడ్డంగా గీతలు, వాటి పొడవులు కూడా ఉంటాయి. ఆ గీతలు చేనికి హద్దులు కావు, గట్టు మీద కనిపించవు. "ఇవెందుకు?" అని రైతులు అడుగుతుంటారు. చేనును త్రిభుజాలుగా విడగొట్టడానికి. 66 అడుగుల గొలుసు తప్ప చేతిలో ఏమీ లేని మనిషి, కోణాలు కొలవకుండానే, పొడవులు మాత్రమే రాసుకుని చేను ఆకారాన్ని కాగితం మీద కట్టేయగలిగాడు. హద్దు రాయి ఒకటి పోతే, మిగిలిన రెండు రాళ్ల నుంచి ఆ పొడవులు లాగి, మళ్లీ అదే చోట రాయి పాతగలుగుతున్నాం. యాభై ఏళ్ల కిందట గీసిన త్రిభుజం, ఈ రోజు నేల మీద లాగిన త్రిభుజం సర్వసమానం కాబట్టే అది సాధ్యం. పట్టాలో విస్తీర్ణం ఒక్కటే రాసుంటే అది సాధ్యం కాదు. ఎకరం అన్న మాట నుంచి మా నాన్న చేను గట్టును ఎవరూ మళ్లీ గీయలేరు.

కర్నల్ లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ వద్ద ఒక ఆధార రేఖను కొలిచి, అక్కడి నుంచి దేశం మీద త్రిభుజాలు అల్లుకుంటూ పోయిన మహా సర్వే కూడా దీని అన్నలాంటిదే. అక్కడ ఒక భుజం తెలుసు, దాని రెండు చివరలా కోణాలు కొలిచారు. కోణం భుజం కోణం. మిగతాది లెక్క వేసుకున్నారు.

పిల్లలు త్రిభుజానికి మూడు కొలతలంటే ఏ మూడైనా సరే అనుకుంటారు. మూడు కోణాలు సమానమైతే చాలదు. అప్పుడు ఆకారం మాత్రమే ఒకటి, అది సరూపం. ఊరి పటం, ఊరు లాగా. ఇంకో చిత్రం చెబుతాను. ఇక్కడున్న లెక్కల మాస్టార్లు రేపే తరగతిలో వాడుకోవచ్చు. ఒక త్రిభుజం భుజాలు 8, 12, 18. ఇంకో త్రిభుజం భుజాలు 12, 18, 27. మొదటిదాన్ని ఒకటిన్నర రెట్లు పెంచితే రెండోది వస్తుంది, కాబట్టి మూడు కోణాలూ సమానం. 12, 18 అనే భుజాలు రెండింటిలోనూ ఉన్నాయి. అంటే ఆరు భాగాల్లో ఐదు సమానం. అయినా సర్వసమానం కావు, ఒకదానిలో ఇంకోటి ఇమిడిపోతుంది. ఎందుకంటే సమానమైన భుజాలు అనురూప స్థానాల్లో లేవు. మన మాస్టారు అట్టముక్కను మడిచినప్పుడు జరిగింది ఇదే. ఏ మూల ఏ మూలకు అన్నది తప్పితే లెక్కంతా తప్పుతుంది.

ఇంకొకటి. భుజాలు 20, 21, 29 ఉన్న త్రిభుజం. భుజాలు 17, 25, 28 ఉన్న త్రిభుజం. రెండింటి చుట్టుకొలతా 70. రెండింటి వైశాల్యమూ 210. మా నాన్న, బాబాయి ఈ రెండు చేలు పంచుకుని ఉంటే తగాదానే వచ్చేది కాదు. అయినా అవి సర్వసమానం కావు. మొదటిది లంబకోణ త్రిభుజం, రెండోది కాదు. రెండు విధాల సమానమైనా అన్ని విధాలా సమానం కానక్కర్లేదు.

ఇక ఆ అమ్మాయి ప్రశ్నకు వస్తాను. రిటైరయ్యాక తీరిగ్గా యూక్లిడ్ పుస్తకం చదివాను. సుమారు 2,300 ఏళ్ల కిందటి పుస్తకం. ఆయన తన సాధారణ సూత్రాల్లో ఒకటిగా, ఒకదానితో ఒకటి ఏకీభవించేవి సమానం అని పెట్టుకున్నాడు. మొదటి భాగం నాలుగో ప్రతిపాదనలో ఒక త్రిభుజాన్ని ఇంకోదాని మీద పెట్టి చూపించి, త్రిభుజం త్రిభుజానికి సమానం అన్నాడు. అదే భాగం ముప్ఫై ఐదో ప్రతిపాదనకు వచ్చేసరికి, ఒకే భూమి మీద, ఒకే సమాంతర రేఖల మధ్య ఉన్న సమాంతర చతుర్భుజాలు సమానం అన్నాడు. ఒకటి నిటారుగా, ఒకటి బాగా వాలి ఉండవచ్చు, ఒకదాని మీద ఒకటి కూర్చోవు. అక్కడ ఆయన చెబుతున్నది వైశాల్యం గురించి. రెండు చోట్లా మాట మాత్రం ఒకటే. అంటే ఆ అమ్మాయి రాసినట్టే యూక్లిడ్ రాశాడు. నేను యూక్లిడ్‌కు రెండు మార్కులు తీసేశానన్నమాట!

మన దేశంలో శుల్బసూత్రాల వాళ్లకు వైశాల్యంలో సమానం కావడమే పని. గద్ద ఆకారంలో పేర్చినా, ఇంకో ఆకారంలో పేర్చినా యజ్ఞవేదిక వైశాల్యం ఏడున్నర చదరపు పురుషలు ఉండాలి. అందుకే దీర్ఘచతురస్రాన్ని అదే వైశాల్యం గల చతురస్రంగా మార్చే పద్ధతి బౌధాయనుడు, ఆపస్తంబుడు చెప్పారు. ఆకారం మారాలి, వైశాల్యం మారకూడదు. సర్వసమానం కానివాటి సమానత్వం అది.

ఒకదాని మీద ఒకటి పెట్టడం అంటే ఏమిటి, త్రిభుజాన్ని ఎత్తి పెట్టడానికి అదేమైనా అట్టముక్కా అని తర్వాతి వాళ్లు యూక్లిడ్‌ను నిలదీశారు. 1899లో హిల్బర్ట్ తన రేఖాగణిత పుస్తకంలో సర్వసమానత్వాన్ని వేరే సంబంధంగా నిలబెట్టి, దానికి సొంత స్వీకృతాలు ఇచ్చాడు. భుజం కోణం భుజం నియమంలోని ముఖ్యమైన భాగాన్ని నిరూపించకుండా స్వీకృతంగానే తీసుకున్నాడు. రెండు మాటలు వేరుచేయడానికి మనిషికి రెండు వేల ఏళ్లకు పైనే పట్టిందంటే, తొమ్మిదో తరగతి పిల్ల ఒక పరీక్షలో తడబడడం ఏమంత వింత?

గుర్తుల సంగతి కూడా చెప్పి ముగిస్తాను. = గుర్తును 1557లో రాబర్ట్ రికార్డ్ అనే వేల్స్ గణితవేత్త తెచ్చాడు. "సమానం" అని మాటిమాటికీ రాయలేక, ఒకే పొడవున్న రెండు సమాంతర గీతలు పెట్టాడు. వాటికంటే సమానమైన వస్తువులు రెండు ఉండవని ఆయన ఉద్దేశం. తమాషా చూడండి. ఆ రెండు గీతలూ సర్వసమాన రేఖాఖండాలు. అయినా ఒకటే గీత కాదు, ఒకటి పైన ఉంది, ఒకటి కింద ఉంది. సమానం, సర్వసమానం, ఒకటే అన్న మూడు మాటలకూ ఉన్న తేడా ఆ చిన్న గుర్తులోనే ఉంది. ≅ గుర్తులో ఆ రెండు గీతల పైన అలలాంటి గీత ఇంకోటి ఉంటుంది. అల గీత సరూపానికి గుర్తు, అంటే ఆకారం ఒకటే. కింది గీతలు పరిమాణం సమానమని. రెండూ కలిస్తే సర్వసమానం.

కాబట్టి ఆ రోజు స్టాఫ్‌రూము గుమ్మం దగ్గర నేను చెప్పాల్సిన జవాబు ఇది. "నువ్వు రాసింది అబద్ధం కాదమ్మా. సర్వసమానమైతే వైశాల్యాలు సమానమే, నువ్వన్నది నిజం. కానీ వైశాల్యాలు సమానమైనంత మాత్రాన సర్వసమానం కావు. నువ్వు నిరూపించింది పెద్ద సంగతి, రాసింది చిన్న సంగతి. రూపాయి సంపాదించి పావలా అని లెక్క రాసుకున్నావు. ఈసారి రూపాయి అనే రాయి." అంతే. అర నిమిషం పట్టేది. ఆ అమ్మాయి ఎక్కడున్నా ఈ జవాబు చేరితే నా బాకీ తీరుతుంది.

ఇక్కడున్న ఉపాధ్యాయ మిత్రులకు ఒక్క మనవి. మన రిజిస్టర్లో ఇద్దరు పిల్లలకు 60 మార్కుల చొప్పున ఉంటే "ఇద్దరూ సమానం" అంటాం. ఒకడు ట్యూషన్లో చదివి తెచ్చుకుని ఉంటాడు, ఒకడు పొద్దున పాలు పోసి వచ్చి తెచ్చుకుని ఉంటాడు. సమానమే, మార్కుల్లో. వాళ్లను ఒకరి మీద ఒకరిని పెట్టి చూడకండి. తల్లిదండ్రులు పక్కింటి పిల్లవాడితో పోల్చినప్పుడు మన మాస్టారు అడిగిన ప్రశ్నే అడగండి. ఎందులో సమానం? ఎందులో తక్కువ?

మన సంఘంలో కూడా అంతే. బల్లలు ఒకటే, గంట ఒకటే, తిన్న దెబ్బలు ఇంచుమించు ఒకటే. తర్వాత ఎవరి ఆకారం వారిది. ఒకరు అమెరికాలో ఉన్నారు, ఒకరు తిరువూరు రోడ్డు మీద కొట్టు నడుపుతున్నారు, ఒకరు మామిడితోట చూసుకుంటున్నారు. ఈ సభలో అందరి కుర్చీలూ సమానం. మనుషులు సర్వసమానం కాకపోవడం వల్లే యాభై ఏళ్ల తర్వాత కూడా ఒకరినొకరు చూసుకోవాలనిపిస్తోంది.

మన లెక్కల మాస్టారు ఇప్పుడు లేరు. ఆయన కోసిన అట్టముక్కలు రెండూ మా ఇంట్లో పాత నోటుపుస్తకంలో ఉన్నాయి. ఈ రోజు వెంట తెచ్చాను. అంచులు అరిగిపోయాయి, ఇప్పుడు ఒకదాని మీద ఒకటి పెడితే అచ్చంగా సరిపోవు. అవి సర్వసమానం అని ఆ రోజు చూసిన వాళ్లం ఇక్కడ ఇంకా కొందరం ఉన్నాం. భోజనాలప్పుడు నా దగ్గరికి వచ్చి చూడండి.